మోకు విప్పడానికి సున్నా పాయింట్ నాలుగు సెకన్లు

తేలూరు పట కార్యాలయం
యజమాని అనుభవ దినచర్య. పరీక్షా కాలం నలభై రోజులు.
పరికరం: వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ, ఒకటి.
యజమాని: వి. త్రిపుర, మూడో శ్రేణి పటాధికారిణి.

ఒకటో రోజు

ఉదయం పది గంటలకు సరఫరా పడవలో పరికరం వచ్చింది. పొడవు చూపుడువేలంత, బరువు నాలుగు వక్కలంత. అది వచ్చిన అట్టపెట్టెలో ప్రస్తుతం కార్యాలయపు పిల్లి, దాని మూడు పిల్లలు నివసిస్తున్నాయి. రసీదు మీద నేను సంతకం చేశాను. సంతకం చేసిన వ్యక్తినే యజమానిగా పరిగణిస్తారని రసీదు వెనక చిన్న అక్షరాలలో ఉంది. పదకొండేళ్ల ఉద్యోగంలో నేను ఒక వస్తువుకు యజమానిని కావడం ఇదే మొదటిసారి. మా ఇల్లు కూడా మావారి పేరు మీదే ఉంది.

యజమాని తన అనుభవాలను ఏ రోజుకారోజు, విశేషణాలు లేకుండా నమోదు చేయాలి. పరీక్షా కాలం ముగిసేలోగా పరికరాన్ని ఉంచుకోవాలో తిప్పి పంపాలో సిఫారసు చేయాలి. పైన "వేగవంతమైన" అన్న మాట నాది కాదు. అది ఫారంలోనే ముద్రించి ఉంది.

పాత హార్డ్ డిస్క్‌ను విప్పి సరఫరా పడవలోనే తిప్పి పంపాను. పనిచేసినంతసేపూ అది తిరగలిలో మినుములు పోసినట్టు చప్పుడు చేసేది. కొత్తది ఏ చప్పుడూ చేయదు. కంప్యూటర్ పనిచేస్తోందో లేదో తెలియక రెండుసార్లు ఆపి మళ్లీ పెట్టాను. రెండుసార్లూ పనిచేస్తూనే ఉంది.

రెండో రోజు

ఈ దినచర్యను చదివే పరీక్షక సంఘం వారు నేల మీద నివసిస్తారు గనుక కార్యాలయపు పని ఏమిటో ఒకసారి చెప్పడం అవసరం. మా పని మోకులు. తేలూరులో రెండువందల పన్నెండు తెప్ప ఇళ్లున్నాయి. ప్రతి ఇల్లూ పక్కింటికి మోకుతో కట్టి ఉంటుంది. మంచినీటి గొట్టమూ నడక పలకా ఆ మోకు వెంటే వెళతాయి. మోకు విప్పుకొని వేరే వరుసకు పోదలచినవారు దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తుదారు, అవతలి ఇంటివారు ఇద్దరూ కార్యాలయానికి రావాలి. ఉన్నది ఒకటే బెంచీ గనుక ఇద్దరూ దాని మీదే కూర్చుంటారు. నేను ఊరి పటం తెరుస్తాను. పటం తెరుచుకున్నాక ముద్ర వేస్తాను.

పాత డిస్క్‌లో పటం తెరుచుకోవడానికి పందొమ్మిది నిమిషాలు పట్టేది. కొత్తదానిలో సున్నా పాయింట్ నాలుగు సెకన్లు పట్టింది.

మొదటి దరఖాస్తు అప్పలస్వామి గారిది. ఆయన బాతులు పక్కింటి వజ్రమ్మ గారి వాకిట్లో గుడ్లు పెడుతున్నాయి. గుడ్లు ఎవరివన్నది తగాదా. ఇది ఆయన ఐదో దరఖాస్తు. తక్కిన నాలుగూ ఆయనే ఉపసంహరించుకున్నారు.

"అయిపోయిందండి," అన్నాను.

"ఏటి అయిపోయింది?" అన్నారు వజ్రమ్మ గారు.

"మోకు. విప్పేయవచ్చు."

"నేనింకా సరిగ్గా కూచోనైనా లేదు కదండీ!"

అప్పలస్వామి గారు తెర వైపు చూశారు. తరవాత ముద్ర వైపు చూశారు. "మరి బాతులో?" అన్నారు.

"బాతులకు పటంలో కాలమ్ లేదండి."

వారిద్దరూ బెంచీ మీద ఇంకొంతసేపు కూర్చున్నారు. 

ఐదో రోజు

తొమ్మిదో వరుసలో మా ఇల్లు నూట ముప్పై తొమ్మిది. దాని పడమటి పక్కన నూట నలభైలో ఉండే కాంపౌండర్ ప్రకాశం గారు ఈ రోజు మోకు విప్పుకొని వెళ్లారు. మావారు పొద్దున్నే పిల్లలతో గొంతెత్తి ఎక్కాలు చెప్పిస్తారని ఆయనకు చిరకాలపు ఫిర్యాదు. లోగడ మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ పన్నెండో నిమిషంలో "పోనీలెండి, పదమూడో ఎక్కం ఒక్కటీ కాస్త మెల్లగా చెప్పమనండి," అని వెళ్లిపోయారు. ఈసారి పన్నెండో నిమిషం రాలేదు.

పని జరిగిన వేగాన్ని బట్టి దీన్ని అనుకూల అనుభవంగా నమోదు చేస్తున్నాను. మా ఇంటికి ఇప్పుడు తూర్పు పక్క మోకు ఒక్కటే ఉంది. అది నూట ముప్పై ఎనిమిదిలో ఉండే సూరీడమ్మ గారింటికి కట్టి ఉంది.

ఆరో రోజు

పరికరం ఉష్ణోగ్రత డెబ్బై ఒక్క డిగ్రీలు. కార్యాలయం పక్కన టీ పడవ నడిపే కాశింవలి గారు దాని మీద వేలు పెట్టి చూసి, "దీని మీద పాలు కాగుతాయా మేడమ్‌గారూ?" అని అడిగారు. కాగవని చెప్పాను. "మరి దేనికండీ ఇది? ఇదివరకు పొద్దుట్నించి నలభై ఆరు గ్లాసులు పోసేవోణ్ణి. నిన్న మూడు. అందులో రెండు నేనే తాగాను." అన్నారు.

టీ గ్లాసుల సంఖ్యకు ఫారంలో స్థలం లేదు. "ఇతర పరిశీలనలు" కింద రాశాను.

ఎనిమిదో రోజు

వినోద తెప్ప మీదున్న గేమ్ కన్సోల్‌కు కూడా ఇలాంటి పరికరాన్నే అమర్చారు. తొమ్మిదో వరుస మగవారు అక్కడ పడవ పందెం ఆట ఆడతారు. ఇదివరకు ఒక పందెం ముగిసి ఇంకొకటి మొదలవడానికి ఆరు నిమిషాలు పట్టేది. ఆ ఆరు నిమిషాలలో ఓడినవారు కంట్రోలర్ బాగాలేదని ప్రకటించేవారు. గెలిచినవారు అవును, బాగాలేదని ఒప్పుకునేవారు. ఇప్పుడు ఒక పందెం ముగిసేసరికి రెండోది మొదలై ఉంటోంది. కంట్రోలర్ గురించి మాట్లాడే అవకాశం ఎవరికీ దొరకడం లేదు.

తొమ్మిదో రోజు

సూరీడమ్మ గారి తమ్ముడు వీర్రాజు గారి ఇల్లు నూట ముప్పై ఏడు, అంటే అక్కగారి పక్కిల్లే. నిన్న ఆయన వినోద తెప్ప మీద తన బావ, అంటే సూరీడమ్మ గారి భర్త సత్తిబాబు గారి చేతిలో ఒక గంటలో ఇరవై మూడు పందేలు ఓడిపోయారు. ఉదయం పదింబావుకు, కాళ్ల తడి ఆరకుండానే కార్యాలయంలోకి వచ్చారు. వెనకే సత్తిబాబు గారు నవ్వుతూ వచ్చి బెంచీ మీద కూర్చున్నారు.

"విప్పేయండి ఆ మోకు! ఈ మనిషి పక్కన నేనుండనంటే ఉండను," అన్నారు వీర్రాజు గారు.

"ఓడిపోయినోడికి మోకెందుకురా బావమరిదీ? ముందు చుక్కాని ఎటుంటదో తెలుసుకో."

"విన్నారా? విన్నారా అండీ? రాసుకోండి ఆ మాట!"

ఆ మాటకు కాలమ్ లేదు. పటం తెరుచుకుంది. ముద్ర వేశాను.

సత్తిబాబు గారి నవ్వు ఆగింది. "ఏవండీ, నిజంగా వేసేశారా?"

"అబద్ధంగా వేసే వీలు లేదండి."

మధ్యాహ్నం రెండు గంటలకు లాగుడు పడవ వచ్చి వీర్రాజు గారి ఇంటిని పదకొండో వరుసకు తీసుకుపోయింది. ఆయన వాకిట్లో నిలబడి ఉన్నారు. వంటింటి పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది.

పదో రోజు

ఉదయం నడక పలక మీద సూరీడమ్మ గారు ఎదురుపడ్డారు. సంభాషణ కార్యాలయ వేళలకు ముందు జరిగినప్పటికీ పరికరానికి సంబంధించినది గనుక నమోదు చేస్తున్నాను.

"వదినా, మా తమ్ముడికి కోపమొచ్చింది. బానే ఉంది. కోపం వాడికొచ్చింది. నీకేమొచ్చింది?"

"నాకు దరఖాస్తు వచ్చింది వదినా."

"వాడు పుట్టిన కాణ్ణుంచీ రోజుకోసారి అలుగుతాడు. ఓ పావుగంట పట్టించుకోకపోతే అన్నానికొచ్చి కూచుంటాడు. నీకు తెల్దా ఆ సంగతి? పధ్నాలుగేళ్ల నించీ మా వాకిట్లోనే కదా కూచుంటన్నావు?"

"పటంలో ఆ..."

"కాలమ్ లేదంటావు. అంతేనా, ఆఫీసరుగారూ?"

ఇంతవరకు ఆవిడ నన్ను "వదినా" అని తప్ప వేరే విధంగా పిలవలేదు. మార్పును గమనించడమైనది.

పధ్నాలుగో రోజు

గణాంకాలు. గడచిన పదకొండేళ్లలో వచ్చిన మోకు విప్పు దరఖాస్తులు వెయ్యీ నాలుగువందల పన్నెండు. ఉపసంహరించుకున్నవి వెయ్యీ నాలుగువందల మూడు. విప్పినవి తొమ్మిది. గడచిన పద్నాలుగు రోజులలో వచ్చినవి ముప్పై ఒకటి. విప్పినవి ముప్పై ఒకటి.

పరికరంలో లోపమేమీ కనిపించలేదు.

మావారి ఎక్కాల బడికి ఇరవై రెండు మంది పిల్లలు వచ్చేవారు. ఇప్పుడు తొమ్మిది మంది వస్తున్నారు. మిగిలినవారి ఇళ్లకు మధ్య నడక పలకలు లేవు. వారిలో ఒకమ్మాయి నిన్న సాయంత్రం నీటికవతల నుంచి గొంతెత్తి పదిహేడో ఎక్కం అప్పజెప్పింది. మావారు చేతులు గొట్టంలా పెట్టుకొని ఒక తప్పు దిద్దారు.

పదహారో రోజు

సరఫరాదారుకు ఫిర్యాదు పంపాను. ఫిర్యాదు పత్రంలో నాలుగు రకాల సమస్యలే ఉన్నాయి: నెమ్మది, అతి నెమ్మది, ఆగిపోవుట, వేడెక్కుట. "నెమ్మది" కొట్టేసి పైన "వేగం" అని రాశాను.

పందొమ్మిదో రోజు

జవాబు వచ్చింది. "మీ పరికరపు వేగంలో సమస్య ఉన్నట్టు గుర్తించాము. కలిగిన అసౌకర్యానికి చింతిస్తూ, సరిచేసే అప్‌డేట్‌ను పంపుతున్నాము."

అప్‌డేట్ చేశాను. పటం ఇప్పుడు సున్నా పాయింట్ మూడు సెకన్లలో తెరుచుకుంటోంది.

ఇరవై ఒకటో రోజు

దరఖాస్తు అందుకున్నాక పటం తెరవకుండా, గ్లాసు కడగడానికని లేచి వెళ్లి పదిహేను నిమిషాల తరవాత వచ్చాను. తెర మీద ఒక నోటీసు ఉంది: "యజమాని మందగమనం, పదిహేను నిమిషాలు. కారణం తెలుపగలరు." దాహం అని రాశాను. "దాహానికి అనుమతించిన వ్యవధి రెండు నిమిషాలు," అని జవాబు వచ్చింది. దరఖాస్తు అందడానికీ పటం తెరవడానికీ మధ్య జరిగే ప్రతి ఆలస్యాన్నీ పరికరం పై కార్యాలయానికి పంపుతుందట. అట్టపెట్టె అడుగున ఈ సంగతి రాసి ఉంది. అక్షరాల మీద పిల్లి పడుకొని ఉండడం వల్ల ముందుగా చూడలేదు.

ఇరవై ఏడో రోజు

సూరీడమ్మ గారు దరఖాస్తు పెట్టారు. తమ్ముడున్న పదకొండో వరుసకు పోవడానికి మా ఇంటి మోకు విప్పాలి. దరఖాస్తు కారణం: "పక్కింటివారు ఆఫీసరు."

అధికారే ప్రతివాది అయిన దరఖాస్తుకు ఆరు రోజుల గడువు ఇవ్వాలి గనుక విచారణ ముప్పై మూడో రోజున.

దీని పర్యవసానం పరీక్షక సంఘం వారికి తెలియడం కోసం నిబంధన ఇక్కడ రాస్తున్నాను. ఒక్క మోకు కూడా మిగలని ఇంటిని మూడు రోజులలోగా వెలి వరుసకు తరలించాలి. వెలి వరుసకు నడక పలకలు లేవు. మంచినీళ్లు వారానికి రెండుసార్లు పడవలో వస్తాయి. అలలకూ ఆ వరుసకూ మధ్య ఇంకేమీ ఉండదు. మావారు తేలూరులోనే పుట్టి పెరిగినప్పటికీ, తెప్ప ఏ మాత్రం ఊగినా ఆయనకు కళ్లు తిరుగుతాయి. అక్కడికి ఎక్కాలు చెప్పించుకోవడానికి ఎవరూ రాలేరు.

అధికారే ప్రతివాది అయినప్పుడు ఏం చేయాలన్నది కూడా నిబంధనలలో ఉంది. ఊళ్లో పటాధికారిణి ఒక్కతే గనుక, "సదరు అధికారి అవసరం మేరకు కుర్చీ నుండి బెంచీకి, బెంచీ నుండి కుర్చీకి మారుచుండవలెను."

ముప్పయ్యో రోజు

మావారు భాస్కరం గారు ఎక్కాల పుస్తకాలను నీళ్లు దిగని సంచీలో సర్దుతున్నారు.

"త్రిపురా, వెలి వరుసలో అల ఎంతెత్తు లేస్తుంది?"

"మూడడుగులని పటంలో ఉంది."

"పటంలో సరే. నా కడుపులో ఎంతెత్తు లేస్తుందో అది చెప్పు." సంచీ మూతి కట్టి, మళ్లీ విప్పారు. "వెళ్లి ఆవిడతో ఓ మాట మాట్లాడకూడదూ?"

"విచారణకు ముందు పక్షాలు మాట్లాడుకోరాదని నిబంధన."

"నిబంధనా, బిడియమా?"

యజమాని వాకిట్లోకి వెళ్లి తూర్పు పక్క మోకు ముడి గట్టిగా ఉందో లేదో చూసి వచ్చింది. గట్టిగానే ఉంది.

ముప్పై ఒకటో రోజు

నాకు అనుకూలంగా ఏదైనా నిబంధన ఉందేమోనని పుస్తకాన్ని మొదటి పుట నుంచి చదివాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి దాన్ని అలా చదవడం ఇదే మొదటిసారి. నాకు అనుకూలంగా ఏమీ లేదు. ఏడో నిబంధన మాత్రం ఇలా ఉంది: "మోకు విప్పు దరఖాస్తుపై అధికారి పటమును తెరచి, అందలి సమస్త గృహముల వివరములను ఇరుపక్షములకు వినబడునట్లు చదివి, ఆ పిమ్మట ముద్ర వేయవలెను."

చదివి.

పదకొండేళ్లలో నేను ఒక్క పటాన్నీ చదవలేదు. నాకు ఉద్యోగం నేర్పినవారు కూడా చదివినట్టు గుర్తు లేదు. అప్పట్లో పటం తెరుచుకునేసరికి బెంచీ మీద దాదాపు ఎవరూ మిగిలేవారు కాదు. తరవాత బెంచీ మీద మనుషులు మిగిలారు. నేను చదవలేదు. గడచిన నెలరోజులలో నలభై నాలుగు మోకులు విప్పాను. నలభై నాలుగూ చదవకుండా విప్పాను.

దీన్ని పరికరపు లోపంగా నమోదు చేయడం సాధ్యం కాదు.

ముప్పై మూడో రోజు

సూరీడమ్మ గారు సత్తిబాబు గారిని వెంటబెట్టుకొని, వలవాల్సిన రొయ్యల బుట్టతో వచ్చారు. పని ఒక్క క్షణంలో అయిపోతుందని విన్నారట. రొయ్యలు దారిలో బజారులో కొన్నవి. మావారు బెంచీ కొసన కూర్చున్నారు. నేను నియమం ప్రకారం కాసేపు బెంచీ మీద కూర్చొని, లేచి కుర్చీలోకి వెళ్లాను. పటం సున్నా పాయింట్ మూడు సెకన్లలో తెరుచుకుంది. పరికరం నా వైపు నుంచి ఏ ఆలస్యాన్నీ గుర్తించలేదు.

"వెయ్యండి మరి," అన్నారు సూరీడమ్మ గారు.

"మొదటి వరుస," అన్నాను. "ఒకటో ఇల్లు. యజమాని నాగూరు బీబీ. పడమటి మోకు కట్టినవారు యజమాని పెదనాన్న. ముడి, జంట ముడి. కట్టిన నాటి పరిస్థితి, ప్రశాంతం. సాక్షులు ఇద్దరు."

"ఇదేటి?"

"ఏడో నిబంధన. రెండో ఇల్లు. యజమాని..."

"అన్నీ చదువుతారా? రెండొందల పన్నెండూనా?"

"చదవాలండి. అధికారి ఎంత వేగంగా చదవాలన్నది ఎక్కడా లేదు."

ఆవిడ కొంగు నడుముకు దోపుకున్నారు. బుట్టను ఒళ్లోకి లాక్కొని రొయ్యలు వలవడం మొదలుపెట్టారు.

పదకొండు గంటలకు కాశింవలి గారు తొంగిచూశారు. పన్నెండు గంటలకు గుమ్మం దగ్గర ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. పటంలో తప్పులు చాలా ఉన్నట్టు తెలిసింది. పద్దెనిమిదో ఇంటి మోకు కట్టింది గంగాధరం కాదనీ, ఆయన ఆ రోజు జ్వరంతో పడుకొని ఉంటే ఆయన భార్య కట్టి పేరు ఆయనది రాయించిందనీ ఒకావిడ చెప్పింది. ఆ భార్య అక్కడే ఉంది. "ఇన్నాళ్లకి బయటపడిందండీ," అంది. దిద్దాను.

అయిదు గంటలకు నలభై ఒకటో ఇంటి దగ్గర ఆపాను. విచారణ రేపటికి వాయిదా.

ముప్పై నాలుగో రోజు

ఎనభై ఎనిమిదో ఇంటి వరకు. ఖాళీ గడులను కూడా చదవాలి. "అరవై రెండు, అప్పలస్వామి: ఖాళీ," అని చదివినప్పుడు వజ్రమ్మ గారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. "బాతులు ఇప్పటికీ మా వాకిట్లోకే ఈదుకొస్తన్నాయండి. ఆయనే రావట్లేదు." అన్నారు. నవ్వుతారేమోనని అందరూ చూశారు. ఆవిడ నవ్వలేదు.

కాశింవలి గారి గ్లాసులు యాభై రెండు.

ముప్పై ఐదో రోజు

నూట ముప్పై ఒకటో ఇంటి వరకు. సూరీడమ్మ గారు ఈ రోజు రొయ్యలకు బదులు చింతపండు ఈనెలు తీస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నం రెండింటికి, నూట పద్నాలుగో ఇంటి దగ్గర నా గొంతు బొంగురుపోయింది. ఆవిడ నీళ్ల చెంబు మేజా మీద పెట్టారు. విచారణలో ఉన్న పక్షం అధికారికి నీళ్లివ్వవచ్చునా అన్నది నిబంధనలలో లేదు. తాగాను.

ముప్పై ఆరో రోజు

తొమ్మిదో వరుస. గుమ్మం దగ్గర ముప్పై మందికి తక్కువ లేరు. వారి వెనక వీర్రాజు గారు నిలబడి ఉన్నారు. పదకొండో వరుస నుంచి అద్దె దోనె మీద వచ్చారట.

"నూట ముప్పై ఏడు, వీర్రాజు: ఖాళీ," అని చదివాను.

ఎవరూ దిద్దలేదు.

"నూట ముప్పై ఎనిమిది, సత్తిబాబు. పడమటి మోకు, నూట ముప్పై తొమ్మిదికి. కట్టినవారు సూరీడమ్మ. పరిస్థితి..." ఇక్కడి అక్షరాలు చిన్నవి. చదవడానికి మామూలు కంటే ఎక్కువ సమయం పట్టింది. "పరిస్థితి, ఈదురుగాలి. నూట ముప్పై తొమ్మిది యజమాని భాస్కరం వాంతులు చేసుకొనుచున్నందునను, అతని భార్య అతనిని పట్టుకొని యున్నందునను, మోకు రెండు కొసలూ సూరీడమ్మయే కట్టెను."

సూరీడమ్మ గారి చేతులు ఆగాయి. "రెండు కొసలూనా?"

"అలాగే ఉంది."

"అంటే పధ్నాలుగేళ్ల నించీ నీ వైపు ముడి కూడా నాదే అన్నమాట."

"అవును వదినా."

"మరి నేను కట్టిన ముడి నేను విప్పుకోడానికి నీ ముద్రేంటే?" అన్నారు. ఆ మాటకు గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. తరవాత ఆవిడే నవ్వారు. మావారు మాత్రం నవ్వలేదు. "నిజమే, ఆ రోజు నాకు చాలా ఇబ్బందిగా ఉంది," అన్నారు.

అప్పుడు వెనక నుంచి వీర్రాజు గారు అన్నారు: "అక్కా, ఆ వరుసలో అన్నాల వేళకి ఎవరూ ఎవర్నీ కేకెయ్యరే."

"వచ్చెయ్ మరి. ఎవరొద్దన్నారు?"

"ఆ బావ పక్కనా? చచ్చినా రాను."

"రాకురా. నీ మొహం చూస్తే నా పడవ కూడా దారి తప్పుద్ది," అన్నారు సత్తిబాబు గారు. కానీ ఆయన అప్పటికే బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చి ఉన్నారు.

"చూశావా అక్కా? చూశావా?"

విచారణకు అంతరాయం కలుగుతున్నందున పఠనం కొనసాగించాను. "నూట నలభై, ప్రకాశం: ఖాళీ."

ఆ తరవాత కొద్దిగా ఆగాను. ఊపిరి తీసుకోవడానికి.

సూరీడమ్మ గారు తమ్ముడి వైపు తిరిగారు. "ఏరా, వదినవాళ్ల అవతల పక్క ఖాళీయే కదా. నడిమధ్యన ఈళ్లిల్లు అడ్డం ఉంటది. మీ బావ మొహం నీకు కనపడదు. నా కేక మాత్రం ఇనపడద్ది."

వీర్రాజు గారు ఆలోచించారు. "పొద్దున్నే ఎక్కాలు చదివిస్తారటగా?"

"పదమూడోది మెల్లగా చెప్పిస్తాను," అన్నారు మావారు.

మోకు కట్టు దరఖాస్తు ఒకటి తీసి మేజా మీద పెట్టాను. వీర్రాజు గారు సంతకం చేశారు. పక్కింటి యజమానిగా మావారు సంతకం చేశారు.

"మరి నా దరఖాస్తు?" అన్నారు సూరీడమ్మ గారు. "వెనక్కి తీసుకున్నానని మాత్రం రాయకు వదినా. నలుగురిలో బాగోదు. చదవడం ఇంకా అవలేదని రాయి."

"ఇంకా డెబ్బై రెండు ఇళ్లున్నాయి."

"నీ గొంతు బాగయ్యాకే చదువు. తొందరేముంది?"

అలాగే నమోదు చేశాను.

ఇక్కడ ఎనిమిదో నిబంధనను ఉదహరించవలసి ఉంది: "మోకు కట్టు దరఖాస్తుపై అధికారి పటమును తెరచి ముద్ర వేయవలెను." చదవాలని ఆ నిబంధనలో లేదు. అప్పటికి సత్తిబాబు గారు ఇరవై మూడు పందేల సంగతి గుర్తు చేయడానికి గొంతు సవరించుకుంటున్నారు. వీర్రాజు గారు ఆయన వైపు చూసి, నా వైపు తిరిగి, "కానీ ఒక మాటండీ..." అనడానికి నోరు తెరిచారు.

పటం తెరుచుకుంది. ముద్ర పడింది. మొత్తం సున్నా పాయింట్ మూడు సెకన్లు, దానిమీద నా చెయ్యి కిందికి దిగినంత సేపు.

పదహారో రోజున వేగం గురించి ఇచ్చిన ఫిర్యాదును యజమాని ఉపసంహరించుకుంటోంది. పరికరాన్ని ఉంచుకోవలెను.